తెర వెనక చదివిన మెషిన్

పోయినవి ముందు రాస్తాను. కామర్స్ పాఠాల కాసెట్లు ఎనభై ఆరు. వాటిలో ముప్పై ఒకటి తిరిగొచ్చాయి కాని వినడానికి పనికిరావు కాబట్టి పోయినవాటిలోనే వేశాను. ఇంటర్ చరిత్ర పుస్తకం, బ్రెయిలీ ప్రతి, నాలుగు సంపుటాలు. పిడి విరిగితే తాడు కట్టి వాడుకున్న టేప్ రికార్డర్ ఒకటి. ఎర్రగడ్డలో ఒక విత్తనాల కంపెనీ మొదటి అంతస్తులో, కిటికీ పక్కన, టెలిఫోన్ బోర్డు ముందున్న కుర్చీ ఒకటి. ఆ కుర్చీలో మా చెల్లెలు చేసే ఉద్యోగం ఒకటి. ఇవన్నీ వేరు వేరు జాతుల వస్తువులు. కూడితే వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు కనుక కింద గీత గీసి మొత్తం వెయ్యలేదు.

ఆయన మా దగ్గర పైసా తీసుకోలేదు. తీసుకుని ఉంటే రసీదు అడిగేవాణ్ణి, రసీదు పట్టుకుని కోర్టుకెళ్ళేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆయన పోయిన సంగతి మాకు చెల్లెలి ఫోన్ చెప్పింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఇప్పటి ఫోన్లు తెర మీది తెలుగును చదివి వినిపిస్తాయి కదా, ఆమె రోజూ పొద్దున టీ తాగుతూ పేపరంతా అలాగే వింటుంది. ఆ రోజు తెర మీద జరుపుతున్న వేలు చటుక్కున ఆపింది.

"అన్నా, గా జూబ్లీహిల్స్ సార్ పోయిండట."

"ఏ సార్?"

"ఎంతమంది సార్లున్నరు మనకు?"

మళ్ళీ మొదటినుంచి చదివించింది. ఎత్తుపల్లాలు లేని గొంతుతో ఆ ఫోన్, ఆయన్ని అంధుల జీవితాల్లో వెలుగు నింపిన మహనీయుడని చదివింది. సరిగ్గా ఇలాంటి వస్తువే ఇస్తానని ఆయన మమ్మల్ని తిప్పాడు. ఆ వస్తువే ఆయన చావు వార్త చదువుతుంటే నాకు జాలి కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూశాను. కలగలేదు.

ఆ కాసెట్ల సంగతి చెప్పాలి. మా చెల్లెలు నాకంటే ఏడేళ్ళు చిన్నది. నేను పదో తరగతితో ఆపేశాను. ఆమె బి.కాం.లో చేరింది. వెంగళరావు నగర్‌లో మాది రెండు గదుల ఇల్లు. నేను పనినుంచి వచ్చాక ఆమె పుస్తకాలు పైకి చదివి టేపుల్లోకి ఎక్కించేవాణ్ణి. జమ అంటే ఏమిటో, ఖర్చు అంటే ఏమిటో, ఆస్తి అప్పుల పట్టీ ఎందుకు సరితూగాలో అర్థం కాకుండా చదివితే వినేవాళ్ళకు అసలు అర్థం కాదు. అందుకని ముందు నేను అర్థం చేసుకునేవాణ్ణి. మూడేళ్ళకు ఆమెకు డిగ్రీ వచ్చింది, నాకు లెక్కలు వచ్చాయి. ఆ లెక్కలతోనే ఫిలింనగర్‌లో ఒక సినిమా ఆఫీసులో పద్దులు రాసే పనికి కుదిరాను.

ఆయన ఆఫీసు అక్కడికి దగ్గరే, జూబ్లీహిల్స్ దిగువన. మొదట ప్రొడక్షన్ మేనేజరు, తర్వాత నిర్మాత. అమీర్‌పేటలో గోడ కనిపించకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడే రోజులొచ్చేసరికి ఆయన బోర్డు కూడా మారింది. కొత్త బోర్డు కాదు. పాతదాని మీదే 'పిక్చర్స్' అన్న మాటకు తెల్లరంగు కొట్టి 'టెక్నాలజీస్' అని రాయించాడు. ఎండ పడితే కింది అక్షరాలు కనిపించేవి.

తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. ఇంట్లో కూడా తియ్యని నల్ల కళ్ళజోడు. మనిషి కనిపించగానే భుజం మీద చెయ్యి పడేది. ఏ పని అడిగినా ఒకటే మాట, "అయిపోయినట్టే అనుకోండి." కాదు, కుదరదు, చూద్దాం అనే మాటలు ఆయన నోట నేను వినలేదు. నన్ను 'లెక్కల బాబూ' అని పిలిచేవాడు. పేరు చాలాసార్లు చెప్పాను. అది ఆయనకు అక్కర్లేదు.

చూపు లేనివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయన నల్ల కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకునేవాడు. "మీ లోకంలోకి వస్తున్నానమ్మా" అనేవాడు. మొదటిసారి చెల్లెల్ని తీసుకెళ్ళినప్పుడు అలాగే కళ్ళు మూసుకుని పది నిమిషాలు మాట్లాడాడు, గొంతు బాగా పెంచి. చూపు లేకపోతే చెవులు కూడా ఉండవని ఆయన నమ్మకం.

"సార్, నాకు చెవులు మంచిగనే ఉన్నయి" అంది చెల్లెలు.

ఆయన పెద్దగా నవ్వాడు. కళ్ళు తెరవకుండానే టీ కోసం చెయ్యి చాపి, వేళ్ళు గ్లాసులో ముంచుకున్నాడు.

"గ్లాసు మీ ఎడమ దిక్కు పెట్టిన్రు సార్" అంది చెల్లెలు. పెట్టిన చప్పుడు ఆమె విన్నది. కళ్ళున్న ఆయన వినలేదు.

ఈ రెండు ముక్కలూ తర్వాత ఆయన అందరికీ చెప్పుకున్నాడు. చెప్పేటప్పుడు మాటలు ఆయనవి, వేళ్ళు కాల్చుకున్నది వేరెవరో.

మేం వెళ్ళిన పని ఇది. విత్తనాల కంపెనీలో చెల్లెలు టెలిఫోన్ ఆపరేటర్. ఫోను ఎవరికి కావాలంటే వాళ్ళకు తనంత తానే కలిపే కొత్త యంత్రం వస్తోందని, ఆపరేటర్ అవసరం ఉండదని మేనేజరు చెప్పాడు. చెడ్డవాడు కాదు. "డీలర్ల దగ్గర్నుంచి రోజూ తెలుగులో టైపు చేసిన లెటర్లు వస్తయి. నువ్వు కంప్యూటర్‌తో వాటిని చదివి, రిప్లై టైప్ చేస్తానంటే ఇక్కడే డెస్క్ ఇస్తా. దసరా వరకు టైం తీసుకో" అన్నాడు. టైపింగు ఆమెకు వచ్చు. చదవడమే సమస్య. ఇంగ్లీషు చదివే యంత్రాలు విదేశాల్లో ఉన్నాయని విన్నాం, అవి మా అందుబాటులో లేవు, ఉన్నా తెలుగు చదవవు. సరిగ్గా అప్పుడే ఈయన తెలుగు చదివే కంప్యూటర్ తయారుచేస్తున్నాడని ఫిలింనగరంతా చెప్పుకున్నారు.

"దసరాకి అమ్మాయి టేబుల్ మీద ఉంటుంది. అయిపోయినట్టే అనుకోండి" అన్నాడాయన. "కానీ లెక్కల బాబూ, మెషిన్‌కి ముందు తెలుగు నేర్పాలి. తెలుగు చదివిన టేపులు కావాలి. ఎన్ని ఉంటే అన్ని పట్టుకురండి."

మాలాంటివాళ్ళు ఇంకా వచ్చారు. టోలిచౌకిలో ఎస్టీడీ బూత్ నడిపే ఒకాయన, బళ్ళో సంగీతం చెప్పే ఒకామె, హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు, అంతా కలిపి చూపు లేనివాళ్ళు ఇరవై ముగ్గురు. అందరికీ తలా ఒక మెషిన్ అన్నాడు. అందరూ తమ పాఠాల కాసెట్లు తెచ్చి ఇచ్చారు. బ్రెయిలీ పుస్తకాలు ఎందుకని నేనడిగితే, "అన్నీ ఎక్కించేద్దాం బాబూ, మెషిన్‌కి కడుపు పెద్దది" అన్నాడు. టేప్ రికార్డర్ కూడా ఇక్కడే ఉండనివ్వమన్నాడు.

ఆ తర్వాత ముహూర్తం పెట్టాడు. కంప్యూటర్‌కి ముహూర్తమేమిటని నేను అనుకోలేదు, అక్కడ పనిచేసేవాళ్ళం ఎవరమూ అనుకోం. ఫిలింనగర్‌లో ఒక ప్రివ్యూ థియేటర్. తెర ముందు బల్ల, బల్ల మీద కంప్యూటర్, దాని మెడలో బంతిపూల దండ, అద్దం మీద కుంకుమ బొట్టు. పక్కన కాగితం పెట్టి మూత వేసే స్కానర్. కొబ్బరికాయ కొట్టారు. ఒక నటుడు క్లాప్ కొట్టాడు.

మొదటి వరసలో ఆ ఇరవై ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. కూర్చునే ముందు తలా ఒక నల్ల కళ్ళజోడు, తెల్ల కర్ర ఇచ్చారు. చెల్లెలికి కళ్ళజోడు అలవాటు లేదు.

"ఇదెందుకన్నా, ముక్కు మీద బరువు."

"ఫోటో కోసమట."

"ఫోటోల మా కళ్ళు కనిపిస్తే ఏమైతది?"

ఫోటోలయ్యాక కాస్ట్యూమ్స్ మనిషి వచ్చి కళ్ళజోళ్ళూ కర్రలూ లెక్కపెట్టి తీసుకెళ్ళాడు. ఆయన దగ్గర సరిగ్గా జరిగిన లెక్క నేను చూసింది అదొక్కటే.

తర్వాత ప్రదర్శన. వేరుశనగ సాగు మీద ఒక పుస్తకం తెచ్చి, ఆ నటుడి చేతికిచ్చాడు.

"ఏ పేజీ కావాలో మీరే చెప్పండి సార్. గట్టిగా చెప్పండి, అందరికీ వినపడాలి."

"నలభై రెండు."

"నలభై రెండో పేజీ" అని ఆయన ఇంకా గట్టిగా అన్నాడు. స్కానర్లో పుస్తకం బోర్లించాడు. పచ్చటి వెలుగు ఒకటి ఇటునుంచి అటు పోయింది. అప్పుడు ఆ ప్రివ్యూ థియేటర్ స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు చదవడం మొదలుపెట్టింది. ఎంత అందమైన గొంతంటే, విత్తనశుద్ధి గురించి వింటూ నా పక్కనున్న విలేకరి నోట్సు రాయడం మానేశాడు. కాయకుళ్ళు తెగులు దగ్గరికొచ్చేసరికి ఆ గొంతులో దిగులు కూడా పలికింది.

చెల్లెలు నా వైపు వంగింది. "అన్నా, ఈమెకు జలుబైంది."

తమాషాకి అన్నదనుకున్నాను. చప్పట్లు మొదలయ్యాయి. ఇరవై ముగ్గురూ కొట్టారు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పింది. "స్పీకర్ల పక్కన కూసున్నది అన్నా. తెర వెనక. పేజీ తిప్పేటప్పుడు ముక్కు పీల్చింది. మెషిన్‌కు జలుబు చేస్తదా?"

"నీకొక్కదానికే తెలిసిందా?"

"అందరికీ తెల్సింది. ఒకరి చెయ్యి ఒకరం నొక్కుకున్నం."

"మరి చప్పట్లెందుకు కొట్టిన్రు?"

"కొట్టకపోతే ఆగిపోతది గద. ఇప్పుడు మనిషిని పెట్టిండు, దసరా లోపల మెషిన్ పెడతడేమో."

కళ్ళున్న రెండు వందలమందిని మోసం చెయ్యడానికి తెర సరిపోయింది. కాని ముందు వరసలో చెవులతో బతికేవాళ్ళను కూర్చోబెట్టి, తెర కట్టి, వెనక ఒక మనిషిని కూర్చోబెట్టడం సినిమావాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టని పని. కెమెరాకు కనిపించకపోతే లేనట్టే అన్నది వాళ్ళ అలవాటు.

మర్నాడు నేను ఆయన దగ్గరికెళ్ళాను. తెర వెనక ఎవరని అడిగాను. దాస్తాడనుకున్నాను, కసురుకుంటాడనుకున్నాను. ఆయన టిఫిన్ తింటూ నవ్వాడు.

"డబ్బింగ్ ఆర్టిస్ట్. మంచి పిల్ల. పాపం జ్వరంతో వచ్చి చదివింది. ఏంటి బాబూ, మన ఫీల్డులో ఉంటూ ఇది అడుగుతారేంటి? బొంబాయి హీరోయిన్ వస్తుంది. తెలుగు రాదు. సెట్లో ఏం చేస్తుంది? డైలాగు బదులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతుంది. షూటింగులో పట్టిన పైలట్ ట్రాకులో ఆ అంకెలే ఉంటాయి. తర్వాత గొంతు పెడతాం. హాల్లో చూసి జనం ఏడుస్తారు. ఎవరైనా మోసమన్నారా?"

"సినిమాలో విడుదలకు ముందే పెడతారు కదండీ గొంతు."

"ఇదీ విడుదలకు ముందే కదండీ. ముందు బొమ్మ చూపించాలి, అప్పుడే పెట్టుబడి వస్తుంది. నిన్న వాళ్ళు విన్నది పైలట్ ట్రాక్. అసలు గొంతు తర్వాత. దసరాకి అయిపోయినట్టే అనుకోండి. ఇడ్లీ తినండి."

తినలేదు. ఆయన అబద్ధం చెప్పాడని కూడా నేననను. తాను చెప్పింది ఆయన నమ్మాడు. సినిమాకు గొంతు చివర్లో అతికించినట్టే యంత్రానికి చదువు కూడా చివర్లో అతికించొచ్చని నిజంగానే అనుకున్నాడు. అచ్చు కాగితం మీద తెలుగు అక్షరాన్ని యంత్రం గుర్తుపట్టాలంటే ఎంత పనుందో తెలుసుకుందామని ఆయనకు అనిపించలేదు. ఆ ఆఫీసులో కంప్యూటర్ తెలిసినవాడు ఒక్కడున్నాడు, వాడు సినిమా పోస్టర్లు దిద్దేవాడు. నమ్మి చేశాడు కాబట్టి తప్పు తగ్గుతుందని కొందరంటారు. నాకు తగ్గినట్టు కనిపించలేదు.

పేపరువాళ్ళకు చెప్తానన్నాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "చెప్తే పేపర్ల ఒక దినం వస్తది. మెషిన్ అసలుకే రాదు. జర ఆగు. దసరా దాకా ఆగు."

ఆగాం. ఆ మధ్యలో ఆయనకు ఒక అవార్డు వచ్చింది. పేపర్లో పడిన ఫోటోలో నల్ల కళ్ళజోళ్ళతో అందరూ ఒకేలా ఉన్నారు. అందులో మా చెల్లెలెవరో గుర్తుపట్టడానికి నాకే సమయం పట్టింది.

దసరా తర్వాత సోమవారం మెషిన్ తీసుకుని తానే కంపెనీకొస్తానని మేనేజరుకు ఆయన ఫోనులో మాటిచ్చాడు. మేనేజరు ఒక బల్ల ఖాళీ చేయించాడు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. చెల్లెలు కొత్త చీర కట్టుకుని, బోర్డు ముందు తన కుర్చీలోనే కూర్చుంది. అప్పటికింకా కాల్స్ కలిపేది ఆమే.

మధ్యాహ్నం భోజనాల వేళకు బోర్డు మోగింది. తీసింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దదే కాబట్టి నాకూ వినిపించింది.

"అమ్మా, మీ మేనేజరు గారికివ్వండి. మద్రాసులో మిక్సింగ్‌లో ఇరుక్కుపోయాను."

ఫోను తీసింది ఎవరో ఆయన గుర్తుపట్టలేదు. నాలుగు నెలలు కళ్ళు మూసుకుని మాట్లాడిన మనిషి ఆమె గొంతు గుర్తుపట్టలేదు.

"లైన్‌ల ఉండండి సార్, కలుపుతున్న" అంది. కలిపింది. కావాలంటే వినొచ్చు, ఆపరేటర్ దగ్గర ఆ వీలుంది. చెవికున్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

మేనేజరు బయటికొచ్చి, మెషిన్ రావడం లేదని చెప్పాడు. "నాకు పైనుంచి ప్రెషర్ ఉందమ్మా" అన్నాడు. నెలాఖరున చెల్లెలు ఇంటికొచ్చింది. ఖాళీ చేసిన ఆ బల్ల మీద మంచినీళ్ళ క్యాను పెట్టారని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది చివర ఆయన ఆఫీసు బంట్రోతు ఒక అట్టపెట్టె తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. అందులో ముప్పై ఒక్క కాసెట్లు. మిగతావి, పుస్తకాలు, టేప్ రికార్డర్ ఏవని అడిగితే, "నాకేం ఎరుక సార్, గివి తెమ్మన్నరు, తెచ్చిన" అన్నాడు. ఒక కాసెట్ పెట్టి విన్నాం. తరుగుదల పాఠం. పాతికేళ్ళ వయసులోని నా గొంతు మొదలుపెట్టింది, 'స్థిర వాయిదాల పద్ధతిలో ప్రతి సంవత్సరం ఒకే మొత్తాన్ని...' అంతలో టక్కుమని చప్పుడు, ఆ వెంటనే హార్మోనియం. ఎవరో మగమనిషి 'లాలల లాలల' అని బాణీ కడుతున్నాడు. మధ్యలో "రెండో చరణం గోల్కొండ మీద తీద్దాం గురూ" అన్నారెవరో. మెషిన్‌కు తెలుగు నేర్పుతామన్న కాసెట్లు మ్యూజిక్ సిట్టింగ్స్‌కి వాడుకున్నారు. ఖాళీ కాసెట్ కొనడానికి కూడా బద్ధకం.

చెల్లెలు పూర్తిగా విన్నది. "బాణీ మంచిగ లేదు" అంది. ఆ పెట్టె మళ్ళీ తెరవలేదు.

ఆమె తర్వాత ఇంట్లోనే బి.కాం. పిల్లలకు ట్యూషన్లు చెప్పింది. చెబుతూనే ఉంది. కాసెట్లు లేకపోయినా పాఠాలు నోటికి వచ్చు కాబట్టి చెప్పగలిగింది. ఆ ఉద్యోగం లాంటిది మాత్రం ఇంకొకటి దొరకలేదు.

సంతాప సభ ఫిలింనగర్‌లోనే పెట్టారు. నేను వద్దన్నాను. చెల్లెలు వింటేగా.

"పోదాం అన్నా. గాడ ఏమంటరో ఇనాలె."

వేదిక మీద పెద్ద ఫోటో, నల్ల కళ్ళజోడుతో. వచ్చినవాళ్ళంతా ఉద్దేశం గురించే మాట్లాడారు. గొప్ప ఉద్దేశం, స్వచ్ఛమైన ఉద్దేశం. ఉద్దేశాలు రాసుకోవడానికి నా దగ్గర పద్దు లేదు. సభ నడిపే యువకుడికి ఎవరో చెవిలో చెప్పారు. అతను మైకులో అన్నాడు, "ఆయన చేతులమీదుగా మాట్లాడే కంప్యూటర్లు అందుకున్న ఇరవై ముగ్గురు అంధుల్లో ఒకరు మన మధ్యనే ఉన్నారు. వేదిక మీదికి రావాలని కోరుతున్నాం."

చెల్లెలు లేచింది. మెట్ల దగ్గర నా మోచెయ్యి వదిలేసి, మైకు పట్టుకుంది. చప్పట్లు ఆగేదాకా నిలబడింది.

"నమస్కారం. సార్ మాకు మెషిన్లు ఇచ్చిండని చెప్పిన్రు. ఇయ్యలే. ఇరవై మూడు రావాలె. ఇప్పుడు సార్ లేడు. ఎవర్ని అడగాల్నో మీరే చెప్పుండ్రి, అడిగి పోతం."

గొంతు పెంచలేదు. రోజూ 'లైన్‌ల ఉండండి' అన్న గొంతే అది. ఆ యువకుడు మెల్లగా మైకు తీసుకుని, "ఆవేదనలో మాటలు తడబడటం సహజం" అన్నాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఎవరో వచ్చి ఆమెకు శాలువా కప్పారు.

ఆటోలో వస్తూ శాలువా మడిచి నా ఒళ్ళో పెట్టింది. "ఎవ్వరూ చెప్పలే అన్నా, ఎవర్ని అడగాల్నో."

"చెప్పరు."

కృష్ణానగర్ దాటాక నేనొక మాట అడిగాను. లెక్కలు రాసేవాడికి అది తప్పదు. ఆ ఇరవై ముగ్గురిలో నలుగురు ఇప్పటికే పోయారు. టోలిచౌకి బూత్ ఆయన పోయాడు, సంగీతం టీచరు పోయింది, ఇంకో ఇద్దరు. ఇవ్వవలసినవాడూ పోయాడు. ఇక వసూలు కాదని తేలిన బాకీని పుస్తకాల్లోంచి తీసేయడం పద్ధతి, ఆ పాఠం కూడా నేనే ఆమెకు చదివి వినిపించాను.

"పోయినోళ్ళ నాలుగు కొట్టేద్దామా మరి?"

"వాళ్ళు వద్దన్నరా?"

"లేదు."

"మరి నువ్వెట్ల కొట్టేస్తవ్?"

కొట్టెయ్యలేదు. ఈ రోజుకు రావలసినవి ఇరవై మూడు.